నైట్‌క్లబ్ నేపథ్యంలో తక్కువ బడ్జెట్ క్రైమ్ డ్రామా: సౌండు, లైటు, జనం, గల్లా లెక్కలు

తొలిఅంకం:
మా స్క్రిప్టు 95 నిమిషాలు. మూడింట రెండు వంతులు ఒకే క్లబ్బులో: డాన్స్ ఫ్లోరు, బారు, మేనేజరు గది, బాత్రూము, వెనక సందు. 14 రోజుల షూటింగు, ఒకే కెమెరా, 25 మంది జూనియర్ ఆర్టిస్టులు. క్లబ్బు మూసి ఉండే వేళల్లోనే లొకేషన్ ఇస్తారు. ఈ తరహా సినిమాలు ఎక్కువగా ఎప్పుడూ అవే చోట్ల దెబ్బతింటాయి. ఫ్లోరు బోసిగా ఉంటుంది, మాటలు వినబడవు, మొహాలు నీలం ముద్దల్లా ఉంటాయి, ఎవరి డబ్బు ఎటు పోతోందో అర్థం కాదు. కెమెరా తీయకముందే తేల్చుకోవాల్సినవి ఏమిటో ఎవరికి తెలిసింది వాళ్లు చెప్పండి. సింక్ సౌండ్ (షూటింగులోనే మాటలు రికార్డు చేయడం) అనుకుంటున్నాం.

శబ్దలేఖ:
సింక్ సౌండ్ అయితే మొదట తేల్చుకోవాల్సింది పాట వేగం. పాట తర్వాత చేయించుకోవచ్చు, బీపీఎం (నిమిషానికి ఎన్ని దెబ్బలు) మాత్రం ఇప్పుడే ఖాయం కావాలి. సెకనుకు 24 ఫ్రేముల్లో తీస్తుంటే 120 బీపీఎం పెట్టుకోండి, ఒక్కో దెబ్బకు సరిగ్గా 12 ఫ్రేములు వస్తాయి. 25 ఫ్రేములైతే 125 బీపీఎంకి అదే 12. 24 ఫ్రేములకి 128 పెడితే దెబ్బకి 11.25 ఫ్రేములు పడతాయి, కట్ ఎప్పుడూ దెబ్బకి కాస్త అటో ఇటో ఉంటుంది.

పాట మోగుతుంటే మాట రికార్డు కాదు. కాబట్టి మాటలున్న ప్రతి షాట్లో పాట ఆగాలి, డాన్స్ ఆగకూడదు. పాట ఆపిన కొద్ది సెకన్లకే జనం తలో తాళంలో పడిపోతారు. దీనికి థంప్ ట్రాక్ వాడతారు. 40 హెర్ట్జ్ దరిదాపుల్లో ఒట్టి దెబ్బలు, పాట బీపీఎంకే, సబ్‌వూఫర్‌లో మాత్రమే వదలాలి. మామూలు మాటలో మగ గొంతు కూడా దాదాపు 85 హెర్ట్జ్ పైనే ఉంటుంది కనుక, తర్వాత 80 దగ్గర హై-పాస్ ఫిల్టర్ (అంతకు కిందివాటిని కోసేది) పెడితే దెబ్బలు పోయి మాట మిగులుతుంది.

పాడయ్యేది ఎక్కడంటే: మామూలు కిక్ డ్రమ్ శాంపిల్ వాడితే దాని ‘టక్’ అనే అంచు సరిగ్గా మాటల స్థాయిలోనే ఉంటుంది, ఏ ఫిల్టరుకీ లొంగదు. శుద్ధమైన సైన్ తరంగం, మొదలు చివర మెల్లగా లేచి పడేటట్టు తయారు చేయించండి. రెండోది, రికార్డరులో లో-కట్ (లోతు శబ్దాలను కోసేది) ముందే ఆన్ చేసి ఉండాలి. లేకపోతే దెబ్బ వచ్చినప్పుడల్లా లిమిటర్ (శబ్దం హద్దు దాటితే తగ్గించేది) కిందికి నొక్కి, మాట దెబ్బదెబ్బకీ కుంగుతుంది. అది తర్వాత సరిచేయలేం. మూడోది, సబ్ గట్టిగా పెట్టగానే బారు వెనక గ్లాసులు, షట్టరు, సీలింగు పలకలు గలగలలాడతాయి. షూటింగు ముందు రోజే టోన్ వదిలి గదంతా తిరిగి, వణికే ప్రతిదాని కిందా ఫెల్టు ముక్క పెట్టాలి.

ఇక చిన్నవి. బారు ఫ్రిజ్‌లు అన్నీ ఆపాలి. వాటిని మళ్లీ ఆన్ చేయడం మరవకుండా ప్రొడక్షన్ బండి తాళం ఒక ఫ్రిజ్‌లో పెట్టడం యూనిట్లలో పాత అలవాటు. డాన్సర్ల చెప్పుల అడుగున ఫెల్టు అంటించాలి. గ్లాసుల్లో నిజం ఐసు వద్దు, సిలికాన్ ముక్కలు వేస్తే చప్పుడు ఉండదు, షాటు షాటుకీ కరిగి కంటిన్యుటీ పాడవదు.

తొలిఅంకం:
అంత తంటా ఎందుకు, క్లబ్బు సీన్లన్నీ డబ్బింగ్ చెప్పించేస్తే?

శబ్దలేఖ:
చెప్పించవచ్చు. కానీ నిశ్శబ్దంలో నటించిన మొహానికి ఏ గొంతు అతికించినా నప్పదు. చుట్టూ మోత ఉంటే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు, స్థాయి పైకి పోతుంది, అచ్చులు సాగుతాయి. ఎతియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లో దీని గురించి రాశాడు, ఆయన పేరే పెట్టారు. మెడ నరాలు బిగుస్తాయి, తల అవతలివాళ్ల చెవి వైపు వంగుతుంది, వాక్యాలు పొట్టివవుతాయి. ఇవి కంటికి కనబడే సంగతులు. అందుకే సింక్ అయినా డబ్బింగ్ అయినా ఒకటే పద్ధతి: రిహార్సల్ పూర్తి వాల్యూమ్‌లో పాట పెట్టి చేయించండి. యాక్షన్ చెప్పేముందు కూడా 20 సెకన్లు పాట మోగించి, ఆపి, వెంటనే టేక్ తీసుకోండి. మూడో టేక్‌కల్లా నటుల గొంతు మళ్లీ దిగిపోతుంది, అప్పుడు ఇంకోసారి పాట పెట్టాలి. డబ్బింగ్ థియేటర్లో అయితే ఆర్టిస్టు హెడ్‌ఫోన్‌లో పాట గట్టిగా వదలండి.

మాటల రచయితకు కూడా ఒక మాట. ఫ్లోరు మీద ఎనిమిది పదాలు దాటిన వాక్యం ఎవరూ అనరు. వివరం చెప్పాల్సిన సీన్లు బాత్రూముకో వెనక సందుకో మార్చండి. అక్కడ పాట గోడ అవతల నుంచి వస్తున్నట్టు 250 హెర్ట్జ్ పైనంతా కోసేస్తే చాలు. తలుపు తెరిచినప్పుడు ఫిల్టర్ తెరుచుకోవాలి, మూసుకున్నప్పుడు మళ్లీ మూసుకోవాలి. ఈ ఒక్క పనితో మేనేజరు గది వేరే ఊళ్లో తీసినా క్లబ్బులోనే ఉన్నట్టు నమ్ముతారు.

నీలినీడ:
లైటింగ్ సంగతి. క్లబ్బులో ఉన్న లైట్లతోనే లాగించేద్దాం అనుకుంటే ముందుగా ఫ్లికర్ పరీక్ష చేయాలి. చవక ఎల్‌ఈడీ పార్‌లు (వేదిక లైట్లు) కాంతి తగ్గించినప్పుడు వేగంగా ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. కంటికి తెలియదు, కెమెరాలో నల్ల పట్టీలు పాకుతాయి. ప్రతి లైటునీ 100 శాతం, 50 శాతం, 10 శాతంలో పెట్టి, షూటింగుకు వాడే కెమెరా షట్టర్ వేగంతోనే రికార్డు చేసి పెద్ద తెర మీద చూడండి. పట్టీ పడినవాటిని ఫుల్‌లోనే ఉంచి ముందు డిఫ్యూజన్ కాగితం వేసి తగ్గించుకోవాలి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట 24 ఫ్రేముల్లో తీస్తుంటే షట్టర్ 172.8 డిగ్రీలు, అంటే 1/50. 60 హెర్ట్జ్ అయితే 144 డిగ్రీలు, అంటే 1/60.

ఇప్పుడు నీలం. ఎక్కువ సినిమాల్లో మొహాలు పాడయ్యేది దీనివల్లే. ఎల్‌ఈడీ నీలం దాదాపు ఒకే రంగు తరంగం. ఎరుపు, ఆకుపచ్చ చానెళ్లలో ఏమీ ఉండదు, నీలం చానెల్ మాత్రం నిండి పొర్లిపోతుంది. మామూలు ఎక్స్‌పోజర్ మీటరు ‘తక్కువుంది’ అంటుంది, కెమెరామెన్ తెరుస్తాడు, చెంప మీద వివరమంతా పోయి ఒకటే మచ్చ మిగులుతుంది. డీఐలో (తర్వాత రంగులు సరిదిద్దే దశలో) తిరిగి రాదు. ఆర్‌జీబీ పరేడ్ (మూడు రంగుల స్థాయిలూ విడివిడిగా చూపే గ్రాఫు) పెట్టుకుని నీలం చానెల్ ఒక్కటే చూసి ఎక్స్‌పోజ్ చేయండి. లైటు కంట్రోలరులో నీలం 100 కాకుండా 80 నీలం, 15 తెలుపు కలపండి. చూడటానికి నీలంగానే ఉంటుంది, చర్మం బతుకుతుంది.

ఒట్టి ఎర్ర లైటులో ఇంకో చిక్కు, ఫోకస్. చాలా కెమెరాల సెన్సర్‌లో నాలుగు పిక్సెళ్లలో ఒక్కటే ఎరుపుది, ఒక్కటే నీలానిది, రెండు ఆకుపచ్చవి. ఒట్టి ఎరుపులో తీస్తే నాలుగో వంతు పిక్సెళ్లే పనిచేస్తాయి, ఎంత షార్ప్‌గా పట్టినా మెత్తగా కనబడుతుంది. మొహానికి ఒక మూల నుంచి చిన్న తెల్లని లైటు, బారు సీసాల వెనక ఎల్‌ఈడీ పట్టీయో సిగరెట్ లైటరో ఫోనో ఏదో ఒక సాకుతో తగిలించండి. రంగులన్నీ వెనక నుంచి, మొహం మీద కాస్త తటస్థ కాంతి. తక్కువ లైట్లతో చేసేవాళ్లకు ఇంతకు మించిన సూత్రం అక్కర్లేదు.

హేజ్ (గాలిలో పలచని పొగ) లేకుండా క్లబ్బు తీయకండి. లైటు కిరణం కనబడాలంటే గాలిలో ఏదో ఒకటి ఉండాలి. గుప్పుమనే ఫాగ్ మిషను కాదు, సన్నగా పరుచుకునే హేజర్ కావాలి. ఏసీ, ఎగ్జాస్ట్ ఆపి వదిలి, సమంగా పరుచుకునేదాకా పదిహేను నిమిషాలు ఆగాలి. ఒకే మనిషి మానిటర్ పక్కన మొదటి టేక్ ఫోటో పెట్టుకుని సాంద్రత పోలుస్తూ ఉండాలి, లేకపోతే ఒకే సీన్లో కట్ కట్‌కీ పొగమంచు వచ్చి పోతుంటుంది. స్మోక్ డిటెక్టర్లు ఆపాల్సి వస్తే లొకేషన్ యజమాని లిఖిత అనుమతితోనే, ఆపినంతసేపు మంటల మీద కన్నేసి ఉంచే మనిషి ఒకరు అక్కడే ఉండాలి, షాటు అవగానే మళ్లీ ఆన్ చేయించాలి.

లేజర్ కిరణం లెన్సులోకి నేరుగా పడనివ్వకండి. సెన్సర్ మీద శాశ్వతంగా మచ్చ పడుతుంది.

రెండోవరుస:
25 మందిని 150 మందిలా చూపడం కష్టం కాదు, వైడ్ షాట్ మీద ఆశ వదులుకుంటే. 85 మి.మీ. లెన్సు పెట్టి, కెమెరా భుజం ఎత్తుకు దించి, జనాన్ని అడ్డంగా కాకుండా లోతుగా నిలబెట్టండి. లెన్సుకి ఒక మీటరు దూరంలో ఇద్దరు ముగ్గురు (మసక భుజాలే కనబడతాయి), నటుల పక్కన ఆరుగురు, వెనక మిగతావాళ్లు, వాళ్ల వెనక చీకటి. షాటు మధ్యలో ఒకరిద్దరు లెన్సు ముందు నుంచి దాటుతుండాలి. డాన్స్ బాగా వచ్చినవాళ్లు నటుల వెనక వరుసలో ఉండాలి, కన్ను పడేది అక్కడే.

ప్రతి ఒక్కరూ పైబట్టలు రెండు జతలు తెచ్చుకోవాలి, ముదురు రంగువి. అల్ట్రావయొలెట్ లైటు వాడుతుంటే తెల్లబట్టలు వద్దు. డిటర్జెంట్లలో ఉండే తెల్లదనం పెంచే రసాయనం వెలిగిపోయి, హీరో కంటే వెనకున్నవాడి చొక్కా ముందు కనబడుతుంది. టానిక్ వాటర్ కూడా అందులోని క్వినైన్ వల్ల నీలంగా వెలుగుతుంది. దాన్ని కావాలని వాడుకోవచ్చు.

ఒక్క వైడ్ తప్పదంటే కెమెరా కదలకుండా బిగించి, జనాన్ని ముందు ఎడమ సగంలో, తర్వాత కుడి సగంలో తీసి కలపండి. అతుకు ఏ స్తంభం మీదో పడేలా చూసుకోవాలి. అతుకు మీదుగా ఎవరూ చేయి చాచకూడదు, కదిలే లైటు దాన్ని దాటకూడదు.

గల్లాపెట్టె:
ఇంతవరకు ఎవరూ కథ జోలికి రాలేదు. ఈ జానర్‌లో డబ్బు ఖర్చు లేకుండా నాణ్యత పెరిగేది అక్కడే. చాలా స్క్రిప్టుల్లో క్లబ్బు యజమాని ‘నల్లడబ్బు తెల్లగా మారుస్తాడు’, తెర మీద మాత్రం బ్యాగుల నిండా నోట్లు బయటికి పోతుంటాయి. అది తిరగబడిన లెక్క. నల్లడబ్బు తెల్లబడాలంటే డబ్బు లోపలికి రావాలి: గల్లాలో అమ్మకంగా పడాలి, బ్యాంకులో జమ కావాలి, దాని మీద పన్ను కూడా కట్టాలి. బ్యాగులో బయటికి పోయేది వేరే నేరం, వచ్చిన అమ్మకాన్ని గల్లాలో చూపకుండా పక్కకు తీయడం. మొదటివాడికి లెక్కలో అమ్మకం ఎక్కువ కావాలి, రెండోవాడికి తక్కువ కావాలి. ఒకే క్లబ్బులో ఒక భాగస్వామి మొదటిది చేస్తూ, ఇంకొకడు అతనికి తెలియకుండా రెండోది చేస్తుంటే, తుపాకీ అక్కర్లేని క్రైమ్ కథ మీ చేతిలో ఉన్నట్టే.

లోతుగా చూద్దాం. దొంగ అమ్మకం చూపడానికి తేలికైన చోటు ప్రవేశ రుసుము, ఎందుకంటే దానికి సరుకు ఖర్చు కాదు. 300 మంది పట్టే హాల్లో నిజంగా 140 మంది వచ్చారు, పుస్తకంలో 290 రాశారు. ఇక ఎవరైనా బారు అమ్మకాన్ని 290తో భాగిస్తే తలకి వచ్చే మొత్తం సగానికి పడిపోయి కనబడుతుంది. దాన్ని కప్పడానికి బారు అమ్మకం కూడా పెంచి చూపాలి. అమ్మకం పెరిగితే కొన్న సరుకు బిల్లులు పెరగాలి. అంటే సరుకు ఇచ్చే డీలరును కలుపుకోవాలి. అలా ఒక్కో అబద్ధం ఒక్కో కొత్త మనిషిని కథలోకి లాక్కొస్తుంది. పాత్రలు పుట్టాల్సింది ఇలా.

ఇంకొకటి, దగ్గరి నుంచి చూపించగలిగే దొంగతనం. బార్‌టెండరు బయట కొన్న 750 మి.లీ. సీసా తనే తెచ్చుకుంటాడు. 30 మి.లీ. చొప్పున 25 పెగ్గులు. ఆ 25 అమ్మకాలూ గల్లాలో కొట్టడు, డబ్బు జేబులో వేసుకుంటాడు. తెల్లారి స్టాకు లెక్కేస్తే క్లబ్బు సీసాలకీ గల్లా రసీదుకీ చుక్క తేడా రాదు. స్టాకు లెక్కతో పట్టుకోలేని దొంగతనం ఇది. దొరికేది ఎక్కడంటే ఖాళీ సీసాల దగ్గర. చాలా బార్లలో ఒక ఖాళీ అప్పగిస్తేనే స్టోరు నుంచి ఒక నిండు సీసా ఇస్తారు. ఆ రాత్రి ఒక ఖాళీ ఎక్కువ ఉంటుంది, అదీ క్లబ్బు స్టిక్కరు లేనిది. దాన్ని అతను బయటికి ఎలా తీసుకెళ్తాడు? మీ పది నిమిషాల సస్పెన్స్ అది. ఖర్చు ఒక ఖాళీ సీసా.

కథాశిల్పి:
గల్లాపెట్టె గారూ, విషయం బంగారం, కానీ ఇది ప్రేక్షకుడికి మాటల్లో చెప్పబోతే సినిమా ఆగిపోతుంది. 290, 140 అని ఏ పాత్రా నోటితో అనకూడదు. గుమ్మం దగ్గర బౌన్సరు చేతిలో జనాన్ని లెక్కపెట్టే క్లిక్కర్ ఉంటుంది కదా, అది చాలు. ఎవరూ రాకపోయినా బొటనవేలు నొక్కుతూనే ఉందని ఒక క్లోజప్‌లో చూపిస్తే మొత్తం పథకం అర్థమైపోతుంది. తర్వాత ఆ బౌన్సరు నొక్కడం ఆపిన రోజు ఏదో జరగబోతోందని ప్రేక్షకుడే కనిపెడతాడు.

గల్లాపెట్టె:
ఒప్పుకుంటాను, క్లిక్కర్ మంచి వస్తువు. నేను లెక్క రాసింది రచయిత కోసం, పాత్ర నోటికి కాదు. రచయితకి లెక్క తెలియకపోతే ఆ క్లోజప్ ఎక్కడ పెట్టాలో తెలియదు. ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌కి ఇంకో వివరం: షిఫ్టు చివర గల్లా నుంచి ‘జడ్ రిపోర్టు’ అనే పొడవాటి కాగితం తీస్తారు. అది తీయగానే ఆ రోజు మొత్తం సున్నా అవుతుంది, రిపోర్టుకి వరుస నంబరు పడుతుంది. 412 తర్వాత 414 ఉంటే, 413 ఎవరో చింపేశారని అర్థం. పోలీసు పాత్రకి ఇది వేలిముద్ర కన్నా నమ్మకమైన ఆధారం.

తొలిఅంకం:
ఈ రెండు పోస్టులతో రెండో అంకం తిరిగి రాయాల్సిందే. ఇంకొక ప్రశ్న. క్లబ్బు సీన్లు 20 నిమిషాల చొప్పున సింగిల్ టేక్‌లో తీస్తే రోజులు తగ్గవా?

రెండోవరుస:
తగ్గవు, రిహార్సల్ రోజులు పెరుగుతాయి. క్లబ్బులో మొదలై బ్యాంకు దోపిడీకి వెళ్లే జర్మన్ సినిమా ‘విక్టోరియా’ (2015) 138 నిమిషాలు నిజంగానే ఒకే టేకు. పన్నెండు పేజీల స్క్రిప్టు, మాటలు చాలావరకు నటులే అల్లుకున్నారు, పూర్తి సినిమా మూడుసార్లు తీశారు, వాడుకున్నది మూడోది.  మీకు క్లబ్బు ఇచ్చేదే కొన్ని గంటలు. మూడు నిమిషాల టేకులు తీసి, ఎవరో లెన్సు ముందు దాటే చోట కట్ దాచుకోండి.

ఎర్రమరక:
కొట్లాటలు, రక్తం గురించి. ఎర్ర లైటు కింద ఎర్ర రక్తం మాయమవుతుంది, చర్మం రంగులోనే కలిసిపోతుంది. నీలం కింద నల్లగా కనబడుతుంది. బాత్రూము సీను ఎర్ర లైటులో ఉంటే, రక్తంలో నీలం ఫుడ్ కలర్ బాగా కలిపి ముదురు చేయాలి. మామూలు వెలుతురులో చూస్తే ఊదారంగులో వికారంగా ఉంటుంది, ఎర్ర లైటులో సరిగ్గా ముదురుగా తేలుతుంది. అదే పాత్ర ఆ సీన్లోంచి తెల్లని లైటున్న సందులోకి వస్తే రక్తం మార్చి మళ్లీ వేయాలి. అందుకే మరక పడే ప్రతి దుస్తూ మూడు జతలు. చౌక అని రెండుతో సరిపెడితే మూడో టేకుకి షూటింగు ఆగుతుంది.

నెత్తిన పగలగొట్టే సీసాలు రెజిన్‌తో చేసినవి కొనండి. చక్కెర పాకంతో చేసినవి తేమ పీల్చి గంటల్లో మెత్తబడతాయి. రెజినువి కూడా పగిలిన అంచు గీసుకుపోతుంది. కళ్లకి దూరంగా, ముందే అనుకున్న చోటే తగలాలి. విస్కీకి నీళ్లు కలిపిన టీ డికాషన్, పాలు లేకుండా. ఆర్టిస్టు పది టేకులు తాగినా ఇబ్బంది ఉండదు.

తుపాకులు: పేలనివి, రబ్బరువి మాత్రమే. ఖాళీ తూటాలు కూడా దగ్గర నుంచి ప్రాణం తీస్తాయి, తక్కువ బడ్జెట్లో వాటిని చూసుకునే నిపుణుడు ఉండడు. తుపాకీ మంట షూటింగు తర్వాత ఎడిటింగ్ దశలో పెట్టుకోండి. కాకపోతే షాటులో ఆ క్షణానికి ఒక లైటు మొహం మీద మెరిపించాలి, అది లేకపోతే పెట్టిన మంట అతికించినట్టే ఉంటుంది. వెనక సందులో బొమ్మ తుపాకీతో తీసే రోజు స్థానిక పోలీసులకు, చుట్టుపక్కలవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

కత్తెరపని:
ఎడిటింగ్ వైపు నుంచి మూడే.

స్ట్రోబ్ (టపటపా మెరిసే లైటు). చాలా కెమెరాలు ఫ్రేమును పైనుంచి కిందికి వరుసలుగా చదువుతాయి. మెరుపు ఆ చదివే సమయం కంటే చిన్నదైతే సగం ఫ్రేము తెల్లగా, సగం చీకటిగా పడుతుంది. సెట్లో స్ట్రోబ్ బదులు మామూలు లైటునే నాలుగు ఫ్రేములు వెలిగించి నాలుగు ఫ్రేములు ఆర్పండి. అంచులో పాడైన ఒక్క ఫ్రేమును పక్కదానితో మార్చేయవచ్చు. 24 ఫ్రేములకి ఇది సెకనుకి మూడు మెరుపులు. అంతకు మించొద్దు. తెరలో నాలుగో వంతుకి మించిన చోట సెకనుకి మూడు కంటే ఎక్కువ మెరుపులు కాంతి వల్ల మూర్ఛ వచ్చేవాళ్లకు ప్రమాదం. ముదురు ఎరుపు మెరుపులు మరీ ప్రమాదం. ప్రసార సంస్థల్లో చాలావాటికి దీని మీద పరీక్ష ఉంటుంది, ఫెయిలైతే సినిమా వెనక్కి వస్తుంది.

పాట హక్కులు రెండు వేర్వేరు: స్వరరచనది ఒకటి, ఆ రికార్డింగుది ఇంకొకటి. ఒకటి తీసుకుని రెండోది మరిచిపోయినవాళ్లు విడుదల ముందు పాట మార్చుకుంటారు. సెట్లో స్పీకరులో మోగిన హిట్ పాట మాటల ట్రాకులో కలిసిపోతే ఆ మాటలు కూడా పోయినట్టే. సొంతంగా చేయించుకోండి.

నిడివి. క్లబ్బు వాతావరణం చూపే షాట్ల మీద ఎవరికైనా మోజు ఉంటుంది. అమెరికన్ దర్శకుడు జాన్ కాసవెట్స్ తీసిన ‘ది కిల్లింగ్ ఆఫ్ ఎ చైనీస్ బుకీ’ అప్పుల్లో పడ్డ క్లబ్బు యజమాని కథే. 1976లో సుమారు 135 నిమిషాలతో వచ్చింది, 1978లో ఆయనే తిరిగి ఎడిట్ చేసి సుమారు 108 చేశాడు. రెండూ చూసి పోల్చుకుంటే ఏ వేదిక సీను పాత్రని చెబుతోందో, ఏది ఒట్టి వాతావరణమో తెలుస్తుంది. నా మటుకు ఒక పాత్ర పని చేస్తూ కనబడని డాన్స్ షాటు పది సెకన్లు దాటకూడదు.

తొలిఅంకం:
14 రోజుల్లో జనాన్ని ఎన్ని రోజులు పిలవాలి?

రెండోవరుస:
నాలుగు రోజులు, వరసగా, షెడ్యూల్ మొదట్లో. రోజూ ముందు జనం వెనకుండగా నటుల మొహాలు తీసేయండి, చివరి గంటన్నర పాట పూర్తిగా పెట్టి మాటల్లేని డాన్స్ షాట్లు. అప్పటికి అలసినా పాట ఉంది కాబట్టి లేస్తారు. పాట ఆపి మాటల టేకులు సాయంత్రానికి వదిలితే చెప్పుల చప్పుడు, గుసగుసలు పెరుగుతాయి. మేనేజరు గది, బాత్రూము, సందు తర్వాతి ఏడు రోజుల్లో నలుగురైదుగురితోనే అయిపోతాయి. మిగిలిన మూడూ క్లబ్బు బయటి సీన్లకు.

శబ్దలేఖ:
ఆ నాలుగు రోజుల్లో ప్రతిరోజూ జనం వెళ్లేముందు రెండు నిమిషాలు ఆపి, పాట లేకుండా గోల మాత్రమే రికార్డు చేయండి: ఒకసారి మామూలు మాటలు, ఒకసారి కేకలు, చప్పట్లు, ఒకసారి అందరూ ఒక్కసారిగా ఆగిపోయి తలుపు వైపు తిరగడం. మూడోది మరవద్దు. మీ కథలో ఎవరో ఒకరు తుపాకీతో లోపలికి వస్తారు కదా, అది ఏ సౌండ్ లైబ్రరీలోనూ మీ హాలు ప్రతిధ్వనితో దొరకదు.